జట్లాండ్‌లో పేలిన ఓడలు: తప్పు బీటీదా, కార్డైట్‌దా?

లంగరు:
1916 మే 31, మొదటి ప్రపంచయుద్ధంలో జట్లాండ్ సముద్రపోరు. బ్రిటిష్ అడ్మిరల్ డేవిడ్ బీటీ ఆరు బ్యాటిల్‌క్రూజర్లతో (పెద్ద ఫిరంగులున్న, వేగంగా పోయే యుద్ధనౌకలు) జర్మన్ అడ్మిరల్ హిప్పర్ ఐదింటి మీదికి వెళ్లాడు. సుమారు 16:02కి ఇండిఫాటిగబుల్, 16:26కి క్వీన్ మేరీ పేలిపోయాయి. మొదటిదాంట్లో వెయ్యిమందికి పైగా పోతే మిగిలింది ఇద్దరు. ‘మన ఓడలకేదో జబ్బు చేసింది’ అన్నట్టు బీటీ విసుక్కున్న మాట ఎప్పటినుంచో వింటున్నాం. నా మట్టుకు అది నెపం ఓడల మీదికి నెట్టేసిన మాట.

38 ఏళ్లకే రియర్ అడ్మిరల్ అయ్యాడు. ధైర్యానికి లోటు లేదు, సూడాన్‌లో నైలు గన్‌బోట్ల మీద, తర్వాత చైనాలో చూపించాడు. గురి దగ్గరే శ్రద్ధ చాల్లేదు. బీటీ ఓడల స్థావరం రొసైత్ దగ్గర పెద్ద ఫిరంగుల సాధనకు అనువైన చోటు లేదు. ఆ లోటును వేగంతో పూడ్చబోయారు. గుండ్లు త్వరత్వరగా అందాలని మ్యాగజైన్ (మందుగుండు గది) తలుపులు బార్లా తీసి ఉంచారు, చార్జీల (గుండును తోసే కార్డైట్ మందు సంచుల) డబ్బాల మూతలు ముందే ఊడదీశారు, బయట సంచులు పేర్చారు. టరెట్‌లో (పైన ఫిరంగులుండే కవచపు గదిలో) పడ్డ నిప్పు కిందికి దిగడానికి మనమే మెట్లు కట్టినట్టయింది.

ఫిరంగిశాస్త్రి:
అసలు ఆ సంచుల్లో ఏముందో చూడండి. 13.5 అంగుళాల ఫిరంగిలో ఒక్క గుండుకి దాదాపు 135 కిలోల కార్డైట్ కావాలి. నాలుగు పట్టుసంచులుగా వస్తుంది, ఒక్కోదాని చివర అంటించడానికి తుపాకీమందు ఇగ్నైటర్. డబ్బా మూత తీశాక నిప్పురవ్వకి అడ్డం ఆ గుడ్డే. అప్పుడు వాడిన రకం కార్డైట్ ఎం.డి.లో గన్‌కాటన్ 65 పాళ్లు, నైట్రోగ్లిజరిన్ 30, వాజిలీన్ 5. ఆరుబయట మండి ఊరుకుంటుంది. మూసిన గదిలో కుప్పగా అంటుకుంటే ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడికి మంట ఇంకా వేగం అందుకుని ఓడనే చీల్చేస్తుంది.

జర్మన్లు ప్రధాన చార్జీని ఇత్తడి కేసులో పెట్టారు, ముందు చార్జీ మాత్రమే సంచిలో. మందు కూడా వేరే రకం. 1915 జనవరి 24న డాగర్ బ్యాంక్ పోరులో హిప్పర్ ఓడ సైడ్లిట్జ్ వెనక టరెట్లు రెండూ తగలబడి దాదాపు 160 మంది పోయారు, అయినా ఓడ ఇంటికి చేరింది. జట్లాండ్‌లో డెర్ఫ్లింగర్ టరెట్లు రెండు కాలాయి, అదీ పేలలేదు. ఇటు చూస్తే శత్రువు దరిదాపుల్లో లేకుండానే రేవుల్లో పేలినవున్నాయి: 1914లో బుల్వార్క్, 1915లో నేటల్, 1917లో వాన్‌గార్డ్. వాటికీ బీటీనే అనాలా?

తీరంవాడు:
అదే రోజు సాయంత్రం సంగతి కూడా కలపండి. 18:20కి పేలిన డిఫెన్స్ అడ్మిరల్ అర్బత్నాట్‌ది, బీటీతో కాదు, బ్రిటిష్ ప్రధాన నౌకాదళాధిపతి జెల్లికో దళంతో వచ్చింది. 18:34కి పేలిన ఇన్విన్సిబుల్ అడ్మిరల్ హుడ్‌ది. అది రొసైత్ నుంచి గురి సాధనకే జెల్లికో స్థావరం స్కాపా ఫ్లో వెళ్లి ఉంది, పేలేముందు చక్కగా కొడుతోంది కూడా. గురి కుదిరిన ఓడా పోయింది కదా!

లంగరు:
సరే, జబ్బు నౌకాదళమంతటా ఉందని ఒప్పుకుంటాను. కాని ఆ జబ్బుకి విరుగుడు బీటీ సొంత ఓడలోనే ఉంది! 1915లో లయన్‌కి చీఫ్ గన్నర్‌గా వచ్చిన అలెగ్జాండర్ గ్రాంట్ ఈ పద్ధతి చూసి హడలిపోయాడు. కాల్చడానికి ఎన్ని చార్జీలు కావాలో అన్నే బయటికి రావాలన్నాడు, అవసరాన్ని బట్టే మూత తీయాలన్నాడు, తలుపు ఒక్కటే తెరవాలన్నాడు. దీనివల్ల ఫిరంగి ఆలస్యం కాదని చేసి చూపించాడు.

16:00కి లయన్ క్యూ టరెట్ మీద గుండు పడింది. ముందు పలక, కప్పు పలక కలిసేచోట తగిలి కప్పు ముక్క ఎగిరిపోయింది. చావుబతుకుల్లో ఉన్న ఆ టరెట్ అధికారి మేజర్ హార్వే వాయిస్‌పైపులోంచి తలుపులు మూయమని, మ్యాగజైన్‌లోకి నీళ్లు వదలమని చెప్పాడు. లోపల నిప్పు రాజుకుంటూనే ఉంది. దాదాపు అరగంటకి దారిలో ఉన్న చార్జీలు భగ్గుమన్నాయి. కింద హ్యాండ్లింగ్ రూములో (చార్జీలు పైకి అందించే గదిలో) ఉన్నవాళ్లంతా పోయారు, మంట ఓడ స్తంభం ఎత్తు లేచింది. మ్యాగజైన్ గోడలు లోపలికి సొట్టపోయాయి, వెనక నీళ్లుండబట్టి ఆగాయి. ఆ పద్ధతి మిగతా ఐదు ఓడలకూ ఎందుకు పోలేదు?

ఫిరంగిశాస్త్రి:
ఒక ఓడ గన్నర్ దిద్దుకున్న పని అడ్మిరల్ బల్లమీదికి దానంతటది రాదు. అడగాల్సింది ముందు లయన్ కెప్టెన్ చాట్‌ఫీల్డ్‌ని.

కొలతకర్ర:
పేలుడు దగ్గరే ఆగిపోతే బీటీ అసలు లెక్క తప్పించుకుంటాడు. పేలాలంటే ముందు గుండు తగలాలి. అన్ని ఎందుకు తగిలాయి?

ఒకటి దూరం. 13.5 అంగుళాల ఫిరంగి 20,000 గజాలు దాటి కొట్టగలదు. అయినా బీటీ దూరం నుంచి కాల్చకుండా దగ్గరికి పోనిచ్చాడు, 15:48కి జర్మన్లే ముందు కాల్చారు. మనవాళ్లేమో దూరాన్ని ఎక్కువగా అంచనా వేశారు, గుండ్లు శత్రువును దాటి ఎక్కడో పడ్డాయి. పడమటి గాలికి పొగంతా అడ్డం వచ్చిందన్న సాకు కొంత నిజమే. రెండోది, ఆరు ఓడలు ఐదింటిని పంచుకోవడంలో డెర్ఫ్లింగర్‌ని ఎవరూ పట్టించుకోలేదు, సుమారు పది నిమిషాలు అది హాయిగా గురి చూసుకుంది. దక్షిణం వైపు సాగిన ఆ మొదటి పోరులో మనకు తగిలినవి 40కి పైగా. మన బ్యాటిల్‌క్రూజర్లు కొట్టినవి 11.

మూడోది అన్నిటికన్నా ఘోరం. 15 అంగుళాల ఫిరంగుల ఓడలు నాలుగు, బీటీకి తోడుగా వచ్చిన అడ్మిరల్ ఎవన్-థామస్ కింద, వెనకే ఉన్నాయి. 14:32కి లయన్ ఆగ్నేయం దిశగా తిరుగుతూ జెండాలెత్తింది, పొగలో ఎవన్-థామస్ ఓడ బార్హామ్‌కి కనబడలేదు. సెర్చ్‌లైట్‌తో మళ్లీ చెప్పించలేదు. ఐదు మైళ్ల ఎడం పదయింది. బీటీ సంకేతాల అధికారి సీమోర్, డాగర్ బ్యాంక్‌లో ‘ఈశాన్యానికి తిరగండి’, ‘శత్రువు వెనక భాగాన్ని కొట్టండి’ అన్న రెండు జెండాలూ ఒకేసారి ఎగరేసినవాడే. మిగతావాళ్లంతా ఈశాన్యంలో ఉన్న జర్మన్ ఓడ బ్లూఖర్ మీద పడ్డారు, హిప్పర్ తప్పించుకున్నాడు. తర్వాత కూడా బీటీ ఆ సీమోర్‌నే ఉంచుకున్నాడు చూడండి.

తీరంవాడు:
లయన్ తిరగడం ఎవన్-థామస్ కంటికి కనబడదా? జెండా వచ్చేదాకా నిలబడటం ఏం నాయకత్వం?

కొలతకర్ర:
ఆయన జెల్లికో బడిలో పెరిగాడు, అక్కడ ఆజ్ఞ లేకుండా తిరగరు. తన పద్ధతి వేరయితే, వచ్చిన రోజే పిలిచి చెప్పాల్సింది బీటీ. ఆ నాలుగు ఓడలూ రొసైత్ చేరి తొమ్మిది రోజులైంది. కూర్చోబెట్టి మాట్లాడలేదు.

లంగరు:
ఇంకోటి. 1919 నవంబర్‌లో ఫస్ట్ సీ లార్డ్ (బ్రిటిష్ నౌకాదళ అధిపతి) అయ్యాక కెప్టెన్ హార్పర్ తయారుచేసిన యుద్ధ నివేదికలో బీటీ వేలు పెట్టాడు. సాయంత్రం 19:00 ప్రాంతంలో లయన్ గుండ్రంగా పూర్తి చుట్టు తిరిగినట్టు పటంలో ఉంది. కాదు, సగం తిరిగి మళ్లీ వెనక్కి వచ్చామని పట్టుబట్టాడు. గైరో కంపాస్ (దిక్కు చూపే పరికరం) పాడై అలా తిరిగామన్నది చాట్‌ఫీల్డ్ మాట. ఆ నివేదిక 1927 దాకా బయటికి రాలేదు.

ఫిరంగిశాస్త్రి:
అందులో గ్రాంట్ గారి మూతలకేం సంబంధం? ఆ చుట్టుకి వేరే దారం తెరవండి, అక్కడ తేల్చుకుందాం.