తొమ్మిదో రోజుకీ పాప బరువు పెరగలేదు, డబ్బాపాలు మొదలెట్టాలా?

కోనసీమ_అక్క:
అమలాపురం దగ్గర మా చెల్లెలికి ఆపరేషన్ కాన్పండి. పాప పుట్టినప్పుడు 2.9 కేజీలు, మూడో రోజు 2.7, ఇవాళ తొమ్మిదో రోజు 2.72. గంటకోసారి ఏడుస్తోంది. ఉచ్చ రోజుకి నాలుగైదుసార్లే. చనుమొనలు రెండూ చిట్లాయి. పాలు లేవు, డబ్బాపాలు మొదలెట్టండి, ఈ ఎండలకి నీళ్ళు కూడా పట్టండి అంటున్నారు పెద్దవాళ్ళు. పథ్యమని బాలింతకీ నీళ్ళు కొలిచి ఇస్తున్నారు. ఏం చెయ్యమంటారండీ?

పురిటివార్డు_నర్సు:
మొదటి మూడు నాలుగు రోజుల్లో 7 శాతం దాకా తగ్గడం మామూలే. ఐదో రోజు నుంచి మాత్రం రోజుకు 20–30 గ్రాములు పెరగాలి. ఆరు రోజుల్లో 20 గ్రాములే అంటే పాప పొట్టలోకి పాలు సరిగా వెళ్ళడం లేదు. ఉచ్చ ఆరుసార్లకు తగ్గిందన్నా, మొనలు చిట్లాయన్నా నాకు ముందు అనుమానం వచ్చేది పట్టు మీదే, అంటే పాప రొమ్మును నోటితో పట్టుకునే తీరు మీద. పాప మొనను మాత్రమే చప్పరిస్తూ ఉండొచ్చు.

పాప పొట్టను తల్లి పొట్టకు ఆనించి, చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉంచండి. మొనతో పై పెదవి తాకిస్తే నోరు తెరుస్తుంది. బాగా పెద్దగా తెరిచినప్పుడే పాపను రొమ్ముకు దగ్గర చెయ్యాలి, తల్లి వంగకూడదు. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడిచి ఉండాలి, నల్లటి వలయం కిందకంటే పైన ఎక్కువ కనబడాలి. బుగ్గలు లోపలికి పోతుంటే పట్టు కుదరనట్టే. శుభ్రమైన చిటికెనవేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి, లాగెయ్యొద్దు. కోత నొప్పెడితే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు.

పిల్లల_వైద్యుడు:
ఈ అంకెలు చూశాక ఆగకండి, ఇవాళే పిల్లల డాక్టరుకు చూపించండి. కామెర్లు ఉన్నాయేమో, నాలుక కింద పొర బిగుసుకుని ఉందేమో చూడాలి. రోజుకు 8–12 సార్లు పట్టండి, మూడు గంటలు దాటి నిద్రపోతే లేపండి. పట్టిన ప్రతిసారీ మిగిలిన పాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో ఇవ్వండి, గిన్నె కాచి వాడాలి. అవీ చాలకపోతే డాక్టరే డబ్బాపాల కొలత చెబుతారు. అది తాత్కాలికమే, పిండడం ఆపొద్దు.

నీళ్ళు మాత్రం వద్దు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే, ఏ ఎండకైనా చాలుతుంది. నీళ్ళతో పొట్ట నిండితే పాలు తాగదు, రక్తంలో ఉప్పు కూడా పడిపోవచ్చు. పాప మత్తుగా ఉన్నా, తాగడం మానేసినా, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా 108కి ఫోన్ చెయ్యండి.

లంకల_ఆశా:
పెద్దవాళ్ళకు ఇలా చెప్పండి. కాలువలకు నీళ్ళు ఆపేసి చెరువు నీళ్ళు తాగే రోజులివి. ఆ నీళ్ళు సరిగా మరగకుండా డబ్బాపాలు కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి. తల్లిపాలలో వాటిని ఎదుర్కొనే రక్షణ ఉంటుంది. తల్లికీ మేలే, రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

బాలింతకు దాహం తీరేదాకా నీళ్ళు ఇవ్వండి. నీళ్ళు కొలవడం పథ్యం కాదు, హాని. పాలు పడతాయని పాలసొర చేపే పెట్టాలనేం లేదు, సొర జాతి చేపల్లో పాదరసం ఎక్కువ. గుడ్డు, పప్పు, ఆకుకూర, చిన్న చేపలు చాలు. పాలు ఊరేది రొమ్ము ఖాళీ అయినకొద్దీ.

పురిటివార్డు_నర్సు:
పిండిన పాలు 25 డిగ్రీల దగ్గరైతే నాలుగు గంటలు నిలుస్తాయి. మన వేసవి అంతకు మించి ఉంటుంది కాబట్టి వెంటనే పట్టెయ్యండి, లేదా ఫ్రిజ్‌లో లోపలి గోడవైపు పెట్టండి. చిట్లిన చోట పాల చుక్క రాసి ఆరనివ్వండి. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి, పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు.