రివాల్వరా, పిస్టలా? రాత్రి షాపు మూసే నాకు ఏది సరిపోతుంది?

నైట్‌షిఫ్ట్: డాలస్ దగ్గర మా గ్యాస్ స్టేషన్ రాత్రి పదకొండుకి నేనే మూస్తాను. గల్లా డబ్బుతో కారు దాకా నడవాలంటే టెన్షన్. గ్రీన్ కార్డ్ ఉంది, ఎల్‌టీసీ (టెక్సస్‌లో తుపాకీ వెంట పెట్టుకునే లైసెన్స్) క్లాసు కూడా అయింది. స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్, సిగ్ పీ365 పిస్టల్, ఈ రెంటిలో ఏది తీసుకోమంటారు?

పాతకాపు: రివాల్వర్ తీసుకో అమ్మా. తూటాలు లేకుండా అర కిలో కూడా ఉండదు, తీసేటప్పుడు బట్టకి చిక్కుకోదు. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కు, తూటాలుండే సిలిండర్ తిరిగి తర్వాతది వస్తుంది. పిస్టల్ అయితే స్లైడ్ (పైన జరిగే భాగం) లాగి ఆ తూటాని బయటికి పారేయాలి. దొంగ మీద పడ్డప్పుడు రెండో చెయ్యి ఖాళీగా ఉంటుందా? మా తమ్ముడి షాపులో ఇలాంటిదే జరిగింది. తమ్ముడు పిస్టల్ ఒక్కసారి పేల్చాడు, ఖాళీ గుల్ల స్లైడ్‌లో ఇరుక్కుపోయింది. దొంగ పారిపోయాడు కాబట్టి మా తమ్ముడు మాకు మిగిలాడు.

రేంజ్‌రాజు: అందులో ఐదే తూటాలు అన్నా. పీ365లో మ్యాగజైన్‌లో 10, చాంబర్‌లో (పేలడానికి సిద్ధంగా) 1. 1986లో మయామిలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. అక్కడి ఏజెంట్లలో ఎక్కువమంది దగ్గర రివాల్వర్లే. చేతికి గాయమైన ఒకాయన మళ్ళీ తూటాలు నింపుకోలేకపోయాడు.

బెజవాడ88: మయామి దొంగల్లో ఒకడి దగ్గర రైఫిల్ ఉంది. గ్యాస్ స్టేషన్‌కి దానికి పోలికేంటి? పైగా చివరికి ఆ దొంగలిద్దర్నీ ముగించింది ఒక ఏజెంట్ రివాల్వరే.

రేంజ్‌రాజు: అంతకుముందు ఆ ఏజెంటే షాట్‌గన్‌తో కాల్చాడు. అదెందుకు వదిలేశారు?

బెజవాడ88: చివరి దెబ్బ దేనిది అన్నదే నా ప్రశ్న.

ఓరుగల్లు: హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు ఇది చదివి షాపుకి పరిగెత్తకండి. ఫెడరల్ చట్టం ప్రకారం మనకి తుపాకీ నిషేధం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ముందు లాయర్ని అడగండి.

నైట్‌షిఫ్ట్: మయామి గురించి ఇంత రాశారు, నా చేతుల గురించి ఒక్కరూ అడగలేదు. నిన్న రేంజ్‌లో (కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట) రెండూ అద్దెకి తీసుకుని కాల్చాను. 642 ట్రిగ్గర్ చాలా గట్టి, తేలిక తుపాకీ కదా, చేతిని వెనక్కి తన్నే దెబ్బ కూడా ఎక్కువే. ఇరవై తూటాలకే వేలు వణికింది, సగం గురి తప్పాయి. పిస్టల్ స్లైడ్ మొదట కదల్లేదు. అక్కడ నేర్పే ఆవిడ చూపించింది: ఎడమ చేత్తో స్లైడ్ గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో తుపాకీని ముందుకి తొయ్యాలట. వెంటనే వచ్చేసింది.

పాతకాపు: నిన్న వచ్చింది. ఆర్నెల్ల తర్వాత? అందరూ మొదట్లో రేంజ్‌కి వెళ్తారు, తర్వాత మానేస్తారు. అందుకే రివాల్వర్ అంటున్నా.

రేంజ్‌రాజు: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ప్రాక్టీస్ చేయని మనిషి చేతిలో ఏ తుపాకీ ఉండకూడదు. ఎల్‌టీసీ పరీక్షలో 50 తూటాలు, అదీ 15 గజాల లోపు. అది చాలు అనుకుంటే ఎలా?

పాతకాపు: అంటే తీరిక, డబ్బు ఉన్నవాళ్ళవే ప్రాణాలా? మా తమ్ముడు రోజుకి పద్నాలుగు గంటలు కౌంటర్ దగ్గర నిలబడతాడు. వాడికి రేంజ్‌కి టైమెక్కడిది? వాణ్ణి తప్పుపట్టే ముందు ఒక్క రాత్రి ఆ కౌంటర్‌లో నిలబడు.

రేంజ్‌రాజు: మీ తమ్ముణ్ణి అనట్లేదు అన్నా. మా పక్క అపార్ట్‌మెంటాయన తుపాకీ తుడుస్తూ, ఖాళీ అనుకుని ట్రిగ్గర్ నొక్కాడు. తూటా గోడ దాటి మా బాబు గదిలోకి వచ్చింది. బాబు అప్పుడు వంటింట్లో నా దగ్గరున్నాడు. నేర్చుకోనివాడికి తుపాకీ ఇమ్మంటే అప్పట్నుంచీ ఒప్పుకోలేను.

పాతకాపు: అది నువ్వు ఇంతవరకు చెప్పలేదు.

నైట్‌షిఫ్ట్: మాకూ ఆరేళ్ళ పాప ఉంది. తూటాలున్న తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా వదిలితే టెక్సస్‌లో నేరం, క్లాసులో చెప్పారు. ముందు తాళం పెట్టె కొన్నాను. డబ్బు ఇకపై పగలే బ్యాంకుకి వెళ్తుంది, మూసేటప్పుడు మా ఆయన కూడా వస్తున్నారు. పీ365 తీసుకుంటున్నా, నెలకి రెండుసార్లు రేంజ్. కుదరకపోతే అమ్మేస్తా.

పాతకాపు: ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తీసుకో తల్లీ. హ్యాండ్‌బ్యాగులో తాళాలతో పాటు మాత్రం వెయ్యకు.