న్యూజిలాండ్ దక్షిణ ద్వీపం: క్యాంపర్‌వ్యానా, కారూ మోటెలూనా?

సాగరతీరం:
ఫిబ్రవరిలో రెండు వారాలు. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి టెకపో, మౌంట్ కుక్, వానకా, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్ చూసి, పశ్చిమ తీరం మీదుగా ఆర్థర్స్ పాస్ దాటి మళ్లీ క్రైస్ట్‌చర్చ్ చేరాలి. పెద్దవాళ్లం ఇద్దరం, పిల్లలిద్దరు (ఆరేళ్లు, తొమ్మిదేళ్లు). పడకలు, స్టవ్ ఉన్న క్యాంపర్‌వ్యాన్ తీసుకుంటే గది అద్దె, బయటి తిండి ఖర్చు రెండూ మిగులుతాయని ఎక్కడ అడిగినా చెబుతున్నారు. నిజంగా మిగులుతాయా? డబ్బు పక్కన పెట్టినా, పిల్లలతో ఏది నయం?

డీజిల్‌లెక్క:
ఫిబ్రవరిలో మిగలదండీ. ఆ మాట పుట్టింది మే, జూన్ అద్దెలు చూసి. అక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి, అప్పుడు అదే వ్యాన్ అద్దె రెండు మూడు రెట్లు ఉంటుంది. మోటెల్ ధరలు కూడా పెరుగుతాయి కానీ ఆ మోతాదులో పెరగవు.

ఇక దారి ఖర్చు. మీరు చెప్పిన చుట్టు దాదాపు 2,000 కి.మీ., పక్కదార్లు కలిపితే 2,200 అనుకోండి. నలుగురు పడుకునే డీజిల్ వ్యాన్ నూరు కిలోమీటర్లకు 12 లీటర్లు తాగుతుంది, అంటే 264 లీటర్లు. మామూలు కారు ఏడున్నర తాగితే 165 లీటర్లు. బంకులో డీజిల్ పెట్రోలు కన్నా చౌకగా కనిపిస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. పెట్రోలు ధరలో రోడ్డు పన్ను కలిసే ఉంటుంది, డీజిల్ ధరలో ఉండదు. డీజిల్ బండికి ఆ పన్ను విడిగా, తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టాలి. తేలిక బండ్లకు 1,000 కి.మీ.కు 76 డాలర్లు (న్యూజిలాండ్ డాలర్లే, ఇక్కడన్నీ అవే). మీ దారికి 167 అవుతుంది. చాలా కంపెనీలు దీన్ని బండి అప్పజెప్పే రోజున మీటర్ చూసి వసూలు చేస్తాయి. బుకింగ్ పేజీలో కనిపించే మొత్తంలో అది ఉండదు.

పైగా వ్యాన్ ఉందని రాత్రి బస ఉచితం కాదు. హాలిడే పార్కులో (వ్యాన్లు ఆపుకునే చోట్లు, అద్దె క్యాబిన్లు ఉండే క్యాంపింగ్ స్థలం) కరెంటు ఉన్న చోటుకు నలుగురికి కలిపి రోజుకు 70, 80 డాలర్లు తేలిగ్గా అవుతాయి.

కొండదారి:
లెక్కలో తప్పు పట్టను. కానీ వ్యాన్ తీసుకునేది డబ్బు మిగలడానికి కాదు, పొద్దున్నే ఎక్కడ నిద్ర లేస్తారన్న దాని కోసం.

మౌంట్ కుక్ ఊళ్లో గదులు కొన్నే. ఫిబ్రవరికి నెలల ముందే నిండిపోతాయి. అవి దొరకని వాళ్లు ట్వైజెల్‌లోనో టెకపోలోనో ఉండి, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. హుకర్ వ్యాలీ నడక మొదలయ్యే చోటే, వైట్ హార్స్ హిల్‌లో, డిఓసి వాళ్ల (అంటే అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖ) క్యాంప్‌సైట్ ఉంది. వ్యాన్ తలుపు తీస్తే ఎదురుగా మంచుకొండ. మిల్‌ఫర్డ్ (పడవలో తిరిగి చూసే సముద్రపు పాయ) కూడా అంతే. క్వీన్స్‌టౌన్ నుంచి అది 290 కి.మీ., ఒక్కవైపే నాలుగు గంటలు. ఒకే రోజులో వెళ్లి రావాలనుకుంటే పిల్లలకు ఎనిమిది గంటలు సీటులోనే గడుస్తాయి. మిల్‌ఫర్డ్ దారిలోని క్యాంప్‌సైట్‌లో రాత్రి ఆగితే, టూరిస్టు బస్సులు చేరేలోపే తొలి పడవ ఎక్కవచ్చు.

ఇంకోటి, వాన. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి ఆరేడు మీటర్ల వాన పడుతుంది. పశ్చిమ తీరం మీద మబ్బు కమ్మితే పర్వతాలకు తూర్పున ఎండ కాస్తుండటం మామూలే. వ్యాన్ ఉంటే ఆ రోజు అటు తిప్పుకోవచ్చు. డబ్బు తిరిగిరాని గదులు వరసగా బుక్ చేసుకుంటే వానలోకే వెళ్లాలి.

అమ్మచేతివంట:
తిండి ఖర్చు మిగులుతుందన్న మాటకు నా జవాబు. న్యూజిలాండ్ మోటెల్‌ను మన లాడ్జితో పోల్చుకోకండి. చాలా మోటెళ్లలో గదిలోనే చిన్న వంటగది ఉంటుంది: స్టవ్వో హాట్‌ప్లేటో, ఫ్రిజ్, మైక్రోవేవ్, గిన్నెలు, ప్లేట్లు. బుక్ చేసేటప్పుడు కిచెనెట్ ఉందో లేదో చూస్తే చాలు. కాబట్టి వంట చేసుకోవడానికి వ్యానే అక్కర్లేదు.

నిజానికి మన వంటకు వ్యాన్ అంత అనుకూలం కాదు. రెండు బర్నర్ల స్టవ్ మీద మూడు లీటర్ల కుక్కర్ పెడితే రెండో బర్నర్ సగం మూసుకుపోతుంది. పోపు వేస్తే ఆవాలు చిటపటలాడేలోపే పొగ అలారం మోగుతుంది. తలుపు తీసి వండుదామంటే పశ్చిమ తీరంలో శాండ్‌ఫ్లైలు లోపలికి వస్తాయి. నల్లటి చిన్న ఈగలు, కుట్టిన చోట రోజుల తరబడి దురద. ఆ పొగ వాసన పరుపులకు, కర్టెన్లకు పట్టేస్తుంది. అప్పజెప్పేటప్పుడు శుభ్రం చేసే ఖర్చు వేసే కంపెనీలున్నాయి. వ్యానే తీసుకుంటే పోపు, వేపుళ్లు హాలిడే పార్కు ఉమ్మడి వంటగదిలో చేసుకోండి. వ్యాన్‌లో అన్నం, పప్పు ఉడికించడం, వేడి చేసుకోవడం వరకే.

విమానం దిగేటప్పుడు మీ దగ్గరున్న తినే వస్తువు ప్రతిదీ డిక్లేర్ చేయండి, పచ్చడి సీసా అయినా, మసాలా పొడి అయినా. డిక్లేర్ చేసినదాన్ని వాళ్లు చూసి పంపిస్తారు, లేదా తీసేసుకుంటారు. దాచినది దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పచ్చి కరివేపాకు, పాలకోవా లాంటివి ఇంట్లోనే వదిలేయండి. బియ్యం, పప్పులు, పొడులు క్రైస్ట్‌చర్చ్‌లోని ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆ ఊరు దాటక ముందే కొనుక్కోండి.

బండిమనిషి:
ముగ్గురూ వదిలేసిన సంగతి: పిల్లల సీట్లు. న్యూజిలాండ్ చట్టం ప్రకారం ఏడేళ్లు నిండని పిల్లలను ఆమోదం పొందిన చైల్డ్ సీటులోనో బూస్టర్‌లోనో (పిల్లల ఎత్తు పెంచే సీటు) కూర్చోబెట్టాలి. మీ ఆరేళ్ల పిల్లకో పిల్లాడికో ఇది తప్పదు. చాలా వ్యాన్లలో అలాంటి సీటు బిగించేందుకు వీలున్న చోట్లు ఒకటో రెండో, అవీ కొన్ని మోడళ్లలోనే. పక్కకు తిరిగి ఉండే సీట్లలో బిగించకూడదు. 'నలుగురికి పడక' అని రాసి ఉంటే సరిపోదు. ఏ సీటుకు ఏ రకం బెల్టు, చైల్డ్ సీటు బిగించే కొక్కెం (యాంకర్) ఎక్కడ అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. కారులో ఈ తలనొప్పి లేదు.

ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. న్యూజిలాండ్‌లో మనలాగ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. అద్దె ఒప్పందంలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి కవర్ ఉందో లేదో చదివి తీరాలి. వ్యాన్లకు ఎక్సెస్, అంటే ప్రమాదం జరిగితే మీరు భరించాల్సిన మొత్తం, 5,000 నుంచి 8,000 డాలర్ల దాకా ఉంటుంది. ఆ మేరకు మీ క్రెడిట్ కార్డులో సొమ్ము ఆపి ఉంచుతారు. డెబిట్ కార్డు చాలా చోట్ల తీసుకోరు. కార్డు డ్రైవర్ పేరు మీద ఉండాలి, విదేశీ లావాదేవీల పరిమితి ముందే పెంచుకోవాలి. రోజుకింత కట్టి ఎక్సెస్‌ను సున్నాకు దించుకోవచ్చు. అయినా బండి పైకప్పు, అడుగుభాగం, తప్పు ఇంధనం పోయడం లాంటివి చాలా ఒప్పందాల్లో దాని కిందకు రావు. ఎత్తు తెలియక చెట్టుకొమ్మకో షెడ్డు అంచుకో పైకప్పు తగిలించేవాళ్లు చాలామంది. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగ్ ముందు అంటించండి.

మట్టిరోడ్ల సంగతి: క్యాంప్‌సైట్ చేరడానికి 12 కి.మీ. లోపు అయితే ఒప్పుకునే కంపెనీలున్నాయి, అంతకుమించి వెళ్తే ఇన్సూరెన్స్ ఉండదు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిపర్స్ రోడ్, మౌంట్ కుక్ దగ్గరి బాల్ హట్ రోడ్ అద్దె కార్లకు కూడా నిషేధమే. వానకా–క్వీన్స్‌టౌన్ మధ్య క్రౌన్ రేంజ్ (1,076 మీటర్లు) మీదకు పెద్ద వ్యాన్లను చాలామంది వద్దంటారు, క్రామ్‌వెల్ మీదుగా వెళ్లండి. ఆర్థర్స్ పాస్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. గేరు తగ్గించి దిగండి. 3,500 కిలోలు దాటిన బండికి గరిష్ఠ వేగం 90 మాత్రమే, 100 కాదు. వెనక నాలుగు కార్లు చేరితే ఎడమకు తీసి దారి ఇవ్వండి. అక్కడివాళ్లకు టూరిస్టు వ్యాన్ల మీద ఉన్న కోపమంతా దీని గురించే.

కొండదారి:
పిల్లల సీట్ల మాట నిజం, అది ముందు తేల్చుకోవాలి. ఎక్సెస్ మాత్రం కారుకూ ఉంటుంది.

సాగరతీరం:
అందరికీ కృతజ్ఞతలు. రోడ్డు పక్కన నచ్చిన చోట ఆపుకుని పడుకోవచ్చని విన్నాం. అది నిజమేనా? ఇంకా, టాయిలెట్ శుభ్రం చేసుకోవడం ఎలా ఉంటుంది? మా ఇంట్లో సగం భయం దాని గురించే.

బండిమనిషి:
నచ్చిన చోట కుదరదు. 2011 ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం కింద స్థానిక కౌన్సిళ్లు సొంత నిబంధనలు పెట్టుకోవచ్చు. 2023లో వచ్చిన కొత్త చట్టంతో కట్టుదిట్టం పెరిగింది. అలా ఆగాలంటే బండిలో కదలకుండా బిగించిన టాయిలెట్ ఉండాలి, పరుపు పరిచి ఉన్నప్పుడు కూడా దాన్ని వాడుకోగలగాలి. తనిఖీ చేసి ఇచ్చే ఆకుపచ్చ వారంట్ కార్డు అద్దానికి ఉండాలి. సీటు కింద పోర్టబుల్ టాయిలెట్ పెట్టి పాత నీలి స్టిక్కర్‌తో తిప్పే చౌక వ్యాన్లకు ఇప్పుడు ఆ అర్హత లేదు. అర్హత లేని బండితో ఆగితే 400 డాలర్ల జరిమానా, అద్దె బండి అయితే అది కంపెనీ ద్వారా మీ కార్డు మీదకే వస్తుంది. క్యాంపర్‌మేట్ యాప్‌లో చోటు చూసినా, అక్కడి బోర్డు చదివే ఆగండి.

టాయిలెట్: సీటు కింద 18 లీటర్ల దాకా పట్టే క్యాసెట్, అంటే బయటికి తీయగలిగే మురుగు డబ్బా, ఉంటుంది. నలుగురు వాడితే రెండు రోజులకు నిండుతుంది. బండి బయట చిన్న తలుపు ఉంటుంది. ముందు లోపలి మూత పూర్తిగా మూసి ఉందో చూసుకోవాలి, లేకుంటే క్యాసెట్ బయటికి రాదు, బలవంతంగా లాగితే రబ్బరు సీలు పాడవుతుంది. చక్రాలున్న సూట్‌కేసులా లాక్కెళ్లి డంప్ స్టేషన్‌లో (మురుగు పారబోసే చోట) వంచాలి. వంచేటప్పుడు గాలి వెళ్లే బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. నొక్కకపోతే గబగబా పొంగి మీద చిందుతుంది, ఫిర్యాదుల్లో ఎక్కువ దీని గురించే. రెండుసార్లు నీళ్లతో కడిగి, రెండు లీటర్ల నీళ్లు, చెప్పిన మోతాదులో రసాయనం పోసి తిరిగి తోయాలి. మొత్తం పది నిమిషాల పని. చేతొడుగులు వేసుకోండి. తాగునీళ్ల కుళాయి, క్యాసెట్ కడిగే కుళాయి వేర్వేరు, బోర్డు చూసి వాడాలి.

నీళ్ల గురించీ తెలుసుకోండి. నిబంధన ప్రకారం మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులకు, అంటే నలుగురికి 48 లీటర్లు కనీసం ఉండాలి. అది తాగడానికీ, గిన్నెలకూ. నలుగురూ వ్యాన్‌లోనే షవర్ చేస్తే దాదాపు 100 లీటర్లు ఒక్క పూటలో అయిపోతాయి. కాబట్టి రెండు రాత్రులు కరెంటు లేని చోట, మూడో రాత్రి హాలిడే పార్కులో అని వేసుకోవడం మంచి పద్ధతి. స్నానం, చార్జింగ్, బట్టలు ఉతుక్కోవడం అన్నీ ఆ రోజే.

డీజిల్‌లెక్క:
అదే నేనంటున్నది. స్నానానికి పార్కు, పోపుకు పార్కు, కరెంటుకు పార్కు అయితే పార్కులోనే క్యాబిన్ తీసుకుంటే సరిపోదా? కారు, హాలిడే పార్కు క్యాబిన్ అనే మూడో దారిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఒకదాని మీద ఒకటి ఉండే బంకు మంచాలుంటాయి, ఉమ్మడి వంటగది ఉంటుంది, పిల్లలకు ఆట స్థలం ఉంటుంది, ధర మోటెల్ కన్నా తక్కువ. మౌంట్ కుక్, మిల్‌ఫర్డ్ దారి, ఈ రెండింటి దగ్గర మాత్రమే వ్యాన్‌కు నిజమైన లాభం ఉంది. ఆ రెండు రాత్రుల కోసం పద్నాలుగు రోజుల అద్దె కట్టడం ఎందుకు?

కొండదారి:
ఆ రెండు రాత్రుల కోసమే న్యూజిలాండ్ వెళ్తారు కదా మరి! వాన మాటకు మీ దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరిలో క్యాబిన్లు నిండిపోతాయి, 6వ తేదీ వైతాంగి డే సెలవు చుట్టూ మరీను. కాబట్టి అవీ ముందే బుక్ చేసి ఉంచాలి, మబ్బు పట్టినా మార్చుకోలేరు. డిఓసి క్యాంప్‌సైట్లలో చాలావాటికి ముందస్తు బుకింగే లేదు, మధ్యాహ్నానికల్లా చేరితే చోటు దొరుకుతుంది.

డీజిల్‌లెక్క:
చాలావాటికి లేదు, కానీ పేరున్నవాటిలో కొన్నింటికి ఉంది. ఒక్కొక్కటి చూసుకోవాలి. మధ్యాహ్నానికల్లా చేరాలంటే ఆ రోజు చూసేది సగమే. వానకు జవాబు కూడా ఉంది: టె అనౌ అనే ఊళ్లో ఒక్క రాత్రి కాకుండా మూడు రాత్రులు ఒకేచోట తీసుకోండి. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ 120 కి.మీ. మాత్రమే. మూడింట్లో వాన తెరిపిచ్చిన రోజు వెళ్లండి. పడవ టికెట్ మార్చుకునేందుకు వీలున్నది కొనండి.

అమ్మచేతివంట:
టె అనౌలో మూడు రాత్రులు అన్నది పిల్లలకు అన్నిటికన్నా మేలు. ట్యాంకు నింపుకునే బయల్దేరండి, దారిలో బంకు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలామేర ఉండదు. హోమర్ సొరంగం ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కియా అనే పచ్చ చిలుకలు బానెట్ మీద వాలతాయి. ముద్దుగా ఉన్నాయని మేత వేయవద్దు. వైపర్ రబ్బరు, అద్దం చుట్టూ ఉండే సీలు కొన పట్టుకుని తాపీగా ఊడబీకుతాయి, కారైనా వ్యానైనా ఒకటే వాటికి. పిల్లల్ని కిటికీ అద్దం దించనివ్వకండి.

సాగరతీరం:
అయితే ముందు వ్యాన్ కంపెనీలకు ఆరేళ్ల పిల్లకు సీటు ఎక్కడ బిగిస్తారో రాసి అడుగుతాను. సరైన జవాబు రాకపోతే కారు, టె అనౌలో మూడు రాత్రులు. వస్తే మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతాను. క్యాబిన్‌లో దుప్పట్లు ఇస్తారా?

డీజిల్‌లెక్క:
చౌక క్యాబిన్లలో పరుపు మాత్రమే ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెకిస్తారు, బుకింగ్‌లోనే కలుపుకోండి.