‘అంటరానితనం’ ఎవరి తనం?

మొన్న ఒక వార్త దిద్దుతూ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘ఆ ఊళ్లో ఇప్పటికీ అంటరానితనం పాటిస్తున్నారు.’ రోజూ రాసేదే. కానీ మనం పాటించేది మౌనం, ఉపవాసం, సమయం. దొంగతనం పాటించారని ఎవరూ రాయరు కదా! నేరానికి ఈ వ్రతం లాంటి క్రియ ఎలా అతుక్కుంది?

అసలు పేచీ నామవాచకంలోనే ఉందనిపిస్తోంది. పిరికితనం పిరికివాడిది, సోమరితనం సోమరిది. మరి అంటరానితనం? ముట్టుకోనని పక్కకు జరిగినవాడిది కావాలి. మాట మాత్రం దాన్ని తీసుకెళ్లి ఎదుటి మనిషికి తగిలించింది. పైగా ఆ ‘రాని’ ఒకటి. వినరాని మాట, చెప్పరాని బాధ, అంటరాని మనిషి. అంటరాదన్నది ఎవరు? ఆ కర్త మాటలో ఎక్కడా దొరకడు. ఇదే సంగతి మిత్రుల ముందు పెడితే మాటలు ఇలా సాగాయి.

— మాస్టారూ, ‘అంటు’ సంగతీ చూడండి. మామిడికి అంటు కడితే రెండు మొక్కలు ఒకటవుతాయి. అంటువ్యాధి అంటే భయం. తిన్న గిన్నెలు అంట్లు. మా చిన్నప్పుడు టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. ఒక గ్లాసు విడిగా చూరులో బోర్లించి ఉండేది. టీ పైనుంచి పోసేవారు, గిన్నె అంచు తగలకుండా. తాగినాయన తనే కడిగి మళ్లీ చూరులో పెట్టాలి. ఆయన ఇచ్చిన చిల్లర మాత్రం గల్లాపెట్టెలో అందరి చిల్లరతో కలిసిపోయేది.

— అయితే ‘అంటనితనం’ అందామా అండీ? తప్పు చేసినవాడి మీదికే వస్తుంది.

— వద్దండీ. అది వింటే తామరాకు మీద నీటిబొట్టు గుర్తొస్తుంది, చేసినవాడు యోగిలా కనిపిస్తాడు. రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం ఇంగ్లీషు ప్రతి చూశారా? ఆ మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టారు, నిర్వచనం ఇవ్వలేదు. ‘ఇది మా మాట కాదు’ అన్నట్టే నాకు వినిపిస్తుంది. దాన్ని శిక్షించే 1955 చట్టం పేరులోనూ ఆ మాట ఉండేది. 1976లో సవరించాక అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది.

— పేర్ల గొడవ అంతకంటే పాతదే. 1917లో బెజవాడ సభలో, దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, తమకు ‘పంచమ’ అన్న పేరు వద్దని ‘ఆది ఆంధ్ర’ అన్నారు. నాలుగు వర్ణాలూ లెక్కపెట్టి, మిగిలినవాళ్లకు ఐదో నంబరు వేస్తే ఎవరు ఒప్పుకుంటారు? ఇంతకీ మాస్టారూ, ఆ వాక్యం ఎలా దిద్దారు?

— ‘పాటిస్తున్నారు’ కొట్టేశాను. ‘దళితులను గుడిలోకి రానివ్వడం లేదు’ అని రాశాను. చూస్తే అందులోనూ కర్త లేడు! రానివ్వనిది ఎవరో కనుక్కొని రాయమని విలేఖరికి ఫోన్ చేశాను. ఇంకా పంపలేదు.