తొడ సార్కోమా, ఊపిరితిత్తుల్లో మచ్చలు: ముందు ఏది?

లీనాక్: తొడలో 12 సెం.మీ. హైగ్రేడ్ (వేగంగా పెరిగే రకం) సార్కోమా, అంటే కండ, కొవ్వు లాంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సర్ గడ్డ. సీటీలో ఊపిరితిత్తుల్లో మూడు చిన్న మచ్చలు, క్యాన్సర్ అక్కడికి పాకినట్టు. ఆపరేషన్‌కి ముందు రేడియేషనే ఇవ్వాలంటాను. 25 సిట్టింగుల్లో 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) సరిపోతుంది. ఆపరేషన్ తర్వాతైతే 60 నుంచి 66 దాకా వెళ్లాలి, కోసిన చోటంతా రేడియేషన్ పడే మేరలోకి వస్తుంది. ఇక కండ గట్టిపడటం, మోకాలు బిగుసుకోవడం, కాలి వాపు ఉండిపోతాయి.

కత్తిపని: 2002లో వచ్చిన కెనడా ట్రయల్ చూడండి. ముందు రేడియేషన్ ఇస్తే 35 శాతం మందికి గాయం సమస్యలు, తర్వాత ఇస్తే 17. అందులోనూ తొడే అధ్వాన్నం.

లీనాక్: గాయం ఆలస్యంగానైనా మానుతుంది, గట్టిపడిన కండ మెత్తబడదు. చివరి సిట్టింగ్ తర్వాత 4 నుంచి 6 వారాలు ఆగి, ఫ్లాప్ (గాయాన్ని కప్పే కండ, చర్మం) వేయడానికి ప్లాస్టిక్ సర్జన్ని సిద్ధంగా ఉంచుకుని కోయండి.

చిన్నమాట: బయాప్సీ సూది ఎటునుంచి వెళ్లింది? ఆ దారిని కూడా గడ్డతోపాటు కోసి తీయాలి.

కత్తిపని: గాయం సమస్యలు 35 శాతమన్నానే, దానికి జవాబు రాలేదు.

కీమోవార్డు: ఎంతసేపూ గాయమేనా! మచ్చల సంగతేంటి? రేడియేషన్‌కి ఐదు వారాలు, ఆగడానికి ఐదు, కుట్లు మానడానికి మరికొన్ని. అన్నాళ్లూ ఊపిరితిత్తులకు మందే లేదు. ముందు ఎకో (గుండె స్కాన్) తీసి, కీమో మందులు రెండు: ఒంటి వైశాల్యంలో చ.మీ.కు డాక్సోరుబిసిన్ 75 మి.గ్రా., ఐఫోస్ఫమైడ్ కూడా చ.మీ.కే 10 గ్రాములు నాలుగు రోజులకు పంచి, మూత్రాశయాన్ని కాపాడే మెస్నా తోడుగా ఇవ్వండి. మెస్నా తప్పితే మూత్రంలో రక్తం పడుతుంది. మూడు సైకిళ్లు (కీమో విడతలు) అయ్యాక మళ్లీ సీటీ.

కత్తిపని: 2014 యూరప్ ట్రయల్లో ఆ రెండు మందులూ కలిపితే ఆయుష్షు 14.3 నెలలు, డాక్సో ఒక్కటే అయితే 12.8. ఆ తేడా లెక్కల పరీక్షకు నిలబడలేదు. ఈలోగా గడ్డ కాలికి వెళ్లే పెద్ద నరాన్ని (సయాటిక్) చుట్టేస్తే కాలు ఎవరు కాపాడతారు, మీరా?

కీమోవార్డు: సగం చదివి వాదించకండి. అదే ట్రయల్లో గడ్డ తగ్గింది 26 శాతం మందికి, ఒక్క మందుతో 14 శాతానికే. ఆపరేషన్ ముందు మనకు కావాల్సింది అదే. మూడు సైకిళ్లలో కొత్త మచ్చలు పుట్టుకొస్తే అంత పెద్ద కోత ఆ మనిషికి ఎందుకండీ?

లీనాక్: కత్తిపని గారూ, మీరు నయం చేయడానికి కోస్తున్నారా, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా నడవడానికా? నొప్పి కోసమైతే నేను 50 గ్రే అడగను, తక్కువ సిట్టింగుల్లో ముగిస్తాను. నయం కోసమైతే మచ్చలు కూడా తీయాలి, అప్పుడు కీమో ముందంటే ఒప్పుకుంటాను. కాకపోతే డాక్సో, రేడియేషన్ ఒకేసారి వద్దు, చర్మం తట్టుకోదు.

కత్తిపని: నయం కోసమే. మూడు మచ్చలూ ఒకవైపే ఉన్నాయా, రెండువైపులా? థొరాసిక్ (ఛాతీ) సర్జన్ తీయగలనంటేనే తొడ మీద పెద్ద కోత పెడతాను.