ప్రైమరీలో పదిమంది నిలబడితే ఓటు నచ్చినవాళ్ళకా, నెగ్గేవాళ్ళకా?

గోదారి గట్టు (ఇర్వింగ్, టెక్సాస్):

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా లోపల తొలుస్తున్న ప్రశ్న ఇది, కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నాకు 2019లో సిటిజన్‌షిప్ వచ్చింది. ఈ దేశంలో నా మొట్టమొదటి ఓటు 2020 డెమొక్రాటిక్ ప్రైమరీలో, అంటే ప్రెసిడెంట్ పోటీకి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో. అప్పుడు ఎంతమంది ఉన్నారో గుర్తుందిగా, మొదట్లో పాతికమంది పైనే, ఫిబ్రవరికి వచ్చేసరికి కూడా బైడెన్, శాండర్స్, వారెన్, బుటిజెజ్, క్లోబుచార్, బ్లూమ్‌బర్గ్, స్టేయర్... నేను డిబేట్లన్నీ కూర్చుని చూశా, పిల్లాడి పాత నోట్‌బుక్‌లో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ పెట్టి ఎవరేం అన్నారో రాసుకున్నా. చివరికి పీట్ బుటిజెజ్ నచ్చాడు. టెక్సాస్‌లో ఎర్లీ ఓటింగ్ ఫిబ్రవరి 18న మొదలైతే రెండో రోజే లంచ్ టైమ్‌లో లైబ్రరీకి వెళ్ళి వేసేశా. స్టిక్కర్ ఇచ్చారు, ఫొటో తీసి అమ్మకి పంపితే "వేలికి సిరా ఏదే?" అంది.

మార్చి 1 ఆదివారం సాయంత్రం దోసెల పిండి రుబ్బుకుంటూ ఫోన్ చూశా. ఆయన సౌత్ బెండ్‌లో స్టేజీ ఎక్కి రేసు నుంచి తప్పుకుంటున్నా అంటున్నాడు. సోమవారం డాలస్ వచ్చి బైడెన్‌కి మద్దతు చెప్పాడు, క్లోబుచార్ కూడా అక్కడే చెప్పింది, మా ఇంటికి అరగంట దూరం కూడా లేదు. మంగళవారం పోలింగ్. నా ఓటు అప్పటికే పెట్టెలో ఉంది, వెనక్కి తీసుకోడానికి లేదు. నాలాంటివాళ్ళవి టెక్సాస్‌లో 80 వేలకు పైగా ఓట్లు ఆయన పేరు మీదే మిగిలిపోయాయి. బైడెన్‌కీ శాండర్స్‌కీ మధ్య ఇక్కడ తేడానే దాదాపు లక్ష!

అంత ఇష్టంగా వేసిన మొదటి ఓటు మురిగిపోయిందే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. 2028లో ఏ పార్టీలోనూ మళ్ళీ పోటీ చేసే ప్రెసిడెంట్ ఉండడు, రెండు వైపులా జాతరే. అప్పటికి మా అబ్బాయికి 18 నిండుతాయి, వాడిదీ మొదటి ఓటే. "నచ్చినోళ్ళకే వేస్తా మమ్మీ, గెలుస్తారా లేదా నాకెందుకు" అంటున్నాడు. వాడికేం చెప్పాలి? మీరెలా వేస్తారు?

బందరు బాబాయ్ (ఎడిసన్, న్యూజెర్సీ):

అమ్మా, ముందు లెక్క చెప్తా. డెమొక్రాట్ల ప్రైమరీల్లో 15 శాతం గీత ఉంది. దానికి కింద ఉన్నవాళ్ళకి డెలిగేట్లు, అంటే చివర్లో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, సున్నా. ఉదాహరణకి ఆరుగురు ఉన్నారనుకో, 30, 20, 14, 14, 12, 10 శాతాలు వచ్చాయి. ఇప్పుడు గీత దాటింది ఇద్దరే కాబట్టి డెలిగేట్లన్నీ ఆ ఇద్దరే 60-40 లెక్కన పంచుకుంటారు, అంటే సగం మంది ఓటర్లు ఇంట్లో కూర్చున్నా అదే ఫలితం. 2020 న్యూ హాంప్‌షైర్‌లో జరిగింది ఇదే, 24 డెలిగేట్లుంటే శాండర్స్‌కి 9, బుటిజెజ్‌కి 9, క్లోబుచార్‌కి 6. వారెన్‌కి 9 శాతం, బైడెన్‌కి 8 శాతం వచ్చినా చేతికి ఒక్కటీ రాలేదు.

ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఆ గీత రాష్ట్రం మొత్తానికి ఒకటి, జిల్లా స్థాయిలో ఇంకొకటి. మీ టెక్సాస్‌లో అయితే స్టేట్ సెనేట్ డిస్ట్రిక్టుల వారీగా లెక్కేస్తారు, 31 ఉన్నాయి. బ్లూమ్‌బర్గ్‌కి మీ రాష్ట్రంలో 14 శాతం చిల్లర వచ్చి గీత దగ్గరే ఆగిపోయాడు, అయినా కొన్ని డిస్ట్రిక్టుల్లో 15 దాటాడు కాబట్టి కొన్ని డెలిగేట్లు దక్కాయి. అందుకని రాష్ట్రంలో వెనకబడ్డాడు కదా అని వదిలేయకుండా నీ చుట్టుపక్కల ఆయనకి బలం ఉందా అని చూడాలి.

ఇక "నెగ్గేవాళ్ళకి వేద్దాం" అనేవాళ్ళని నేను ఒకటే అడుగుతా. ఎవరు నెగ్గుతారో ఎలా తెలిసింది నీకు? నువ్వు ఓటేసిన ఫిబ్రవరి 19న ఉన్న పరిస్థితి చూడు. బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో అయిదు, అందరూ ఆయన పని అయిపోయిందన్నారు. ఆ రోజు నువ్వు తెలివిగా లెక్కేసుకుని వేసినా బ్లూమ్‌బర్గ్‌కే వేసుండేదానివేమో, ఎందుకంటే టీవీ పెడితే ఆయన యాడే. ఆయన 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి సూపర్ ట్యూస్‌డే (చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే ఆ మంగళవారం) నాడు గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే, తెల్లారి తప్పుకున్నాడు. సౌత్ కరోలినా కాంగ్రెస్ సభ్యుడు క్లైబర్న్ బైడెన్‌కి మద్దతు చెప్పింది 26న, సౌత్ కరోలినాలో బైడెన్ దాదాపు 49 శాతంతో గెలిచింది 29న, అంటే మొత్తం రేసు వారంలో తలకిందులైంది. నువ్వు తప్పు మనిషికి వేయలేదమ్మా, తొందరపడి వేశావు, అంతే.

ఓరుగల్లు రాజన్న (డబ్లిన్, ఒహాయో):

అక్కా, నేను అటు పక్క సంగతి చెప్త, 2016 రిపబ్లికన్లది. నేను నెగ్గెటోళ్ళకే లెక్క చూసి ఏసిన, ఏసి బాధపడ్డ.

గప్పుడు 17 మంది నిలబడ్డరు. నాకు మార్కో రూబియో మస్తు నచ్చిండు, ట్రంప్ వద్దనుకున్నోళ్ళల్ల నేనొకన్ని. సౌత్ కరోలినాల ట్రంప్‌కు వచ్చింది 32 శాతం చిల్లర, రూబియో, క్రూజ్ ఇద్దరికి చెరో 22, మిగిలింది బుష్, కేసిక్, కార్సన్ పంచుకున్నరు. అయినా 50కి 50 డెలిగేట్లు ట్రంప్‌కే పోయినయ్, ఎందుకంటే ఆడ రాష్ట్రం గెలిచినోనికి కొన్ని, ఒక్కో డిస్ట్రిక్ట్ గెలిచినోనికి కొన్ని, అన్నిట్ల ఆయనే ముంగట ఉండె. బాబాయ్ చెప్పిన 15 గీత కథ ఈడ నడువది, ఈడ ఫస్ట్ వచ్చుడే ముచ్చట.

మార్చి 15న మా ఒహాయో, ఫ్లోరిడా రెండు ఒకటే దినం. రెండిట్ల ఫస్ట్ వచ్చినోనికే డెలిగేట్లన్నీ, మాకాడ 66, ఫ్లోరిడాల 99. నాలుగు దినాల ముంగట రూబియో మనుషులే చెప్పిండ్రు, ఒహాయోల ట్రంప్‌ను ఆపాల్నంటే కేసిక్‌కు ఎయ్యుండ్రి అని. నాకు ఓటెయ్యొద్దు అని క్యాండిడేట్ దిక్కు నుంచి చెప్పుడు నేనెన్నడు చూడలే. కేసిక్ మనుషులు మాత్రం ఫ్లోరిడాల రూబియోకు ఎయ్యుమని అనలే.

నేను పొద్దుగాల్నే పోయి బూత్‌ల నిలబడి, కాగితం మీద రూబియో పేరు కనవడుతుంటె చెయ్యి రాలేదు అక్కా, రెండు నిమిషాలు గట్లనే చూసుకుంట నిలబడ్డ. ఆఖరికి కేసిక్‌కు ఏసిన. కేసిక్ గెలిచిండు, దాదాపు 47 శాతం వచ్చింది. గా రాత్రే ఫ్లోరిడాల రూబియో ఓడి తప్పుకున్నడు.

మరి తర్వాత ఏమైంది? కేసిక్ గెలిచింది మా ఒహాయో ఒక్కటే, ఇంకో రాష్ట్రం గెలవలే. గెలిచిండు కాబట్టి రేసుల ఉన్నడు, ఉన్నడు కాబట్టి ట్రంప్ వద్దనే ఓటు క్రూజ్‌కు, ఆయనకు నడుమ చీలుకుంటనే పోయింది. ఏప్రిల్ ఆఖర్ల ఇద్దరు ఒప్పందం చేసుకున్నరు, ఇండియానా క్రూజ్‌కు వదిలేద్దాం, ఒరెగాన్, న్యూ మెక్సికో కేసిక్‌కు వదిలేద్దాం అని. అప్పటికే మస్తు లేటయింది. మే 3న ఇండియానాల ఓడి క్రూజ్ పోయిండు, తెల్లారి కేసిక్ పోయిండు. నేను ఆపుదామని ఏసిన ఓటే చీలికకు ఊపిరి పోసింది. గీ ముచ్చట ఇప్పటికి మా ఇంట్ల కూడ ఎవలకు చెప్పలే.

మీ పిల్లగాన్ని లెక్కల దిక్కు గుంజకుండ్రి. నేను ఈసారి నచ్చినోళ్ళకే.

పిఠాపురం పిల్లోడు (ఆంకెనీ, అయోవా):

రాజన్నా, చదువుతుంటే గుండె పట్టేసింది. మా అయోవా సంగతి వేరే, మాకు అప్పట్లో రెండో ఛాన్స్ ఉండేది.

2020 ఫిబ్రవరి 3, సోమవారం రాత్రి 7 గంటలకి కాకస్, అంటే పెట్టెలో ఓటు కాదు, అందరూ ఒకచోట చేరి నచ్చినవాళ్ళ వైపు నిలబడితే తలలు లెక్కపెడతారు. హైస్కూల్ జిమ్‌లో పెట్టారు, బయట గడ్డకట్టే చలి, లోపల ఒక్కో క్యాండిడేట్‌కి ఒక్కో మూల. మా ప్రిసింక్ట్‌లో (మా పేట ఓటర్ల విభాగంలో) వచ్చినవాళ్ళు 200 చిల్లర, అంటే 15 శాతం దాటాలంటే 31 మంది కావాలి. నేను వాళ్ళిచ్చిన కార్డు మీద క్లోబుచార్ పేరు రాసి ఆవిడ మూలలో నిలబడ్డా, లెక్కపెడితే 26 మందిమి. గీత దాటిన గ్రూపులవాళ్ళు ఆ సంవత్సరం రూల్ ప్రకారం ఇంక కదలకూడదు, దాటనివాళ్ళు మాత్రం వేరే గ్రూపుకి వెళ్ళచ్చు, లేదా తక్కిన చిన్న గ్రూపుల్ని తమవైపు లాక్కోవచ్చు. మా పక్కన యాంగ్ గ్రూప్ 9 మంది, అందరూ కుర్రాళ్ళే. మా గ్రూపులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉంది, డెబ్భై ఏళ్ళు ఉంటాయి, నేరుగా వాళ్ళ దగ్గరికెళ్ళి "మీ మొదటి ఇష్టం నాకు తెలుసు, రెండో ఇష్టం ఎవరో చెప్పండి బాబూ" అని అడిగింది. పావుగంట మాట్లాడింది. ఆరుగురు మావైపు నడిచొచ్చారు, 32 అయ్యాం. జిమ్‌లో చప్పట్లు కొడుతుంటే నాకు మా ఊళ్ళో పంచాయితీ ఎలక్షన్ గుర్తొచ్చింది.

ఆ రాత్రి లెక్కలు పంపే యాప్ మొరాయించి రాష్ట్రం మొత్తం రిజల్ట్ బయటికి రాలేదు, ఊరంతా మమ్మల్ని తిట్టింది, అది వేరే కథ. 2024కి డెమొక్రాట్లు ఓటింగ్ వరసలో మా బదులు సౌత్ కరోలినాని ముందుకి తెచ్చి, మాకు కార్డులు పోస్టులో పంపే పద్ధతి పెట్టారు. కానీ "నీ రెండో ఇష్టం ఎవరు" అని అడిగే పద్ధతి మాత్రం ప్రతి రాష్ట్రంలో ఉండాలి అక్కా. 2020లో అలాస్కా, హవాయి, కాన్సస్, వ్యోమింగ్ డెమొక్రాట్లు బ్యాలెట్ మీదే ఒకటి రెండు మూడు అని నంబర్లు వేయించుకున్నారు, నీ మొదటివాళ్ళు గీత దాటకపోతే ఓటు రెండోవాళ్ళకి వెళ్తుంది. అది టెక్సాస్‌లో ఉండుంటే నీ ఓటు మురిగేదే కాదు. ఓటర్ ఇంత లెక్క ఎందుకు వేసుకోవాలి చెప్పు, ఆ పని బ్యాలెట్ చెయ్యాలి.

తెనాలి కుర్రాడు:

ఇండియా నుంచి చదువుతూ ఉన్నాను, ఒక్క మాట. మన దగ్గర నామినేషన్ విత్‌డ్రా చేసుకోడానికి గడువు ఉంటుంది, ఆ తర్వాతే బ్యాలెట్ ఖరారు. ఆ గడువులోపు తప్పుకున్నవాడి పేరు బ్యాలెట్ మీదే ఉండదు కదా. మనకి ఓట్ల చీలిక పార్టీలు ముందే కూర్చుని తేల్చుకుంటాయి, 2009లో తేల్చుకోలేదు కాబట్టి మూడు ముక్కలైంది, ప్రజారాజ్యానికి 18 సీట్లు వచ్చాయి, 2024లో ముందే తేల్చుకున్నారు కాబట్టి జనసేన నిలబడ్డ 21కి 21 గెలిచింది. మీ దగ్గర ఆ సర్దుబాటు భారమంతా ఓటరు నెత్తినే పెట్టినట్టున్నారు, అది అన్యాయం.

ఆకాశవల్లి (ట్రాయ్, మిషిగన్):

అక్కా, మా దగ్గర 2020లో మార్చి 10 ప్రైమరీ. నేను పోస్టు ఓటు ముందే క్లోబుచార్‌కి వేసి పంపేశా, ఆవిడ తప్పుకోగానే క్లర్క్ ఆఫీసుకి వెళ్ళి పాత బ్యాలెట్ రద్దు చెయ్యమని సంతకం పెట్టి రాసిస్తే కొత్తది ఇచ్చారు. పది నిమిషాల పని. అందుకని ముందు మీ రాష్ట్రంలో వేసిన ఓటు మార్చుకునే వీలు ఉందో లేదో చూసుకోండి, అది లేనిచోట ఎర్లీ ఓటింగ్‌కి పరిగెత్తద్దు.

గోదారి గట్టు (ఇర్వింగ్, టెక్సాస్):

అందరికీ పేరుపేరునా థాంక్స్. రాజన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. ఇంట్లో చెప్పండి, దాచుకునేంత తప్పేం చేయలేదు మీరు.

వల్లీ, టెక్సాస్‌లో బ్యాలెట్ ఒకసారి వేస్తే అంతే. నిన్న పాత క్యాలెండర్ ముందేసుకుని చూశా, ఆ ఏడాది మాకు ఎర్లీ ఓటింగ్ ముగిసింది ఫిబ్రవరి 28 శుక్రవారం, సౌత్ కరోలినా శనివారం. అంటే ఆఖరి రోజు దాకా ఆగి వేసినా నా ఓటు అక్కడికే పోయేది! మంగళవారం వేస్తే తప్ప దారి లేదు. మంగళవారం అంటే లైన్లు, ఆ రోజు హ్యూస్టన్‌లో ఒక చోట అర్ధరాత్రి దాటేదాకా నిలబడ్డారు జనం. అయినా ఈసారి నేను మంగళవారమే, సెలవు పెట్టుకుని, ఇంకో నలుగురు ఆడవాళ్ళం కలిసి వెళ్దామని ఇప్పుడే అనుకున్నాం. ఆ రోజుకి రేసులో మిగిలినవాళ్ళల్లో నచ్చినవాళ్ళకి వేస్తా.

మావాడికి ఇదంతా చదివి వినిపించా. టీచరమ్మ దగ్గర ఆపి "మళ్ళీ చదువు" అన్నాడు. ఆంకెనీ తమ్ముడూ, ఆ రోజు మీరు రాసిన కార్డు ఫొటో ఏమైనా ఉందా, వాడు చూస్తానంటున్నాడు.

పిఠాపురం పిల్లోడు (ఆంకెనీ, అయోవా):

కార్డులు అక్కడే వెనక్కి తీసేసుకున్నారు అక్కా. ఒక వైపు మొదటి ఇష్టం, తిప్పితే రెండో వైపు రెండో రౌండ్ పేరు, కింద సంతకం. నేను రెండు వైపులా ఒకే పేరు రాశా. యాంగ్ కుర్రాళ్ళల్లో ఒకడు మాత్రం రెండో వైపు రాయడానికి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆగాడు, టీచరమ్మ ఏమీ అనకుండా పక్కనే నిలబడింది.