ప్రోస్టేట్‌కి మూలికల టీ: క్యాప్సూల్ మేలా, టీ చాలా?

రాత్రిమెలకువ
వయసు 52. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది, ధార సన్నబడింది. బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర రాత్రి భోజనం తర్వాత వేసుకుంటాను. ‘మగవారి ఆరోగ్యం’ అని రాసిన టీ సంచులు తాగుతున్నాను. సంచి 2 గ్రాములు, అందులో సా పామెట్టో (ప్రోస్టేట్‌కి మంచిదని అమ్మే ఒక తాటిజాతి మొక్క) పండు, నెటిల్ వేరు, అశ్వగంధ, అతిమధురం, గ్రీన్ టీ. రోజుకు మూడు కప్పులు, చివరిది పడుకోబోయే ముందు. ఇది చాలా, లేక సా పామెట్టో క్యాప్సూల్ మొదలుపెట్టాలా?

కొలతగిన్నె
సా పామెట్టోలో పని చేస్తాయని చెప్పేవి ముఖ్యంగా కొవ్వు ఆమ్లాలే. అవి వేడినీళ్లలో దిగవు. కాబట్టి టీ రూపంలో అది పేరుకే.

క్యాప్సూల్ సంగతీ అంతంతమాత్రమే. 2006లో 225 మందికి 160 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఏడాదిపాటు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రకు, దానికి తేడా కనపడలేదు. 2011లో మోతాదు మూడింతలు, అంటే 960 మి.గ్రా. దాకా పెంచినా అంతే. డబ్బు దండగ.

మీరు రాసినదాంట్లో నాకు ముందు కనపడింది మాత్ర వేళ. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీరు తీసే మందు. అది రాత్రి వేసుకుని, పైన గ్రీన్ టీ తాగి, లేవకుండా పడుకోవాలంటే ఎలా? మాత్ర పొద్దుటికి మార్చుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. పడుకునే ముందు రెండు మూడు గంటలు ద్రవాలు తగ్గించండి.

తర్వాత మూడు రోజులు కొలవండి. ఒక కొలత పాత్ర బాత్రూమ్‌లో పెట్టి ప్రతిసారీ వేళ, మి.లీ. రాయండి. పడుకున్నాక పోసినవీ, పొద్దున లేవగానే పోసినదీ కలిపితే 24 గంటల మొత్తంలో మూడో వంతు దాటిందా? అయితే ప్రోస్టేట్ ఒక్కటే కారణం కాదు, రాత్రిపూట మూత్రమే ఎక్కువ తయారవుతోంది. ప్రతిసారీ కొంచెం కొంచెమే వస్తుంటే అది వేరే లెక్క. ఈ కాగితం డాక్టర్‌కి చూపిస్తే సగం పని అయినట్టే.

వేరుబెరడు
కొలతగిన్నె గారు అతిమధురం వదిలేశారు. ఆ పెట్టెలో అసలు ప్రమాదం అదే. తియ్యదనం కోసం చాలా మూలికల టీలలో కలుపుతారు, ఎవరూ పట్టించుకోరు.

అందులోని గ్లిసిరైజిన్ అనే పదార్థం కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోన్‌ను అణచివేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ లాగా పని చేసి ఉప్పును నిలబెడుతుంది, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బీపీ పెరుగుతుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా పొటాషియం తగ్గించేదే. టెల్మిసార్టన్ కొంత నిలబెడుతుంది గానీ దాని మీద భరోసా పెట్టుకోకండి. పిక్కలు పట్టేయడం, నీరసం, పాదాల వాపు, గుండె దడ ఉంటే వెంటనే పొటాషియం పరీక్ష చేయించుకోండి. టీ మానిన మర్నాడే అంతా సర్దుకోదు, వారాలు పట్టొచ్చు. పైగా అతిమధురం టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తుందని కూడా కొన్ని పరీక్షల్లో తేలింది. మగవాళ్ల టీలో దాన్ని పెట్టినవాళ్ల తెలివికి దణ్ణం.

రాత్రిమెలకువ
టీ మానేశాను. అశ్వగంధ ఒక్కటే విడిగా తీసుకోవచ్చా?

వేరుబెరడు
మూత్రం ఇబ్బందికైతే అనవసరం. నిద్రకో ఒత్తిడికో అయితే, పరీక్షల్లో ఎక్కువగా వాడింది వేరు నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్, 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎనిమిది వారాలు. 300 మి.గ్రా. వేరు పొడి దానికి సమానం కాదు. లేబుల్ మీద ‘వేరు’ అని ఉందా, ఆకు కూడా కలిసిందా, విథనోలైడ్లు (అశ్వగంధలో పని చేస్తాయనే పదార్థాలు) ఎంత శాతం, ఇవి చూడండి. థైరాయిడ్ మందు వాడేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పుట్టినా అక్కడే ఆపేయాలి.

కొలతగిన్నె
ఇంకో రెండు మాటలు. మగతనానికి ‘గంటలో ఫలితం’ అనే మూలికల క్యాప్సూళ్ల జోలికి పోకండి. అలాంటి వాటిలో లేబుల్ మీద రాయని సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) చాలాసార్లు బయటపడింది. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ మీ ధారను ఇంకా బిగించేస్తాయి. వాటిని కొనేముందు అడగండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా ఈ చర్చ పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.